ఎవాన్స్ గాంబిట్: చాలా ఏళ్లు ఆడాక నా అభిప్రాయం

పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు ఎక్కడ ఓపెన్ చెస్ టోర్నమెంట్ జరిగినా, తెల్ల పావులు వస్తే నేను ఆడేది ఎవాన్స్ గాంబిటే. 1820లలో వేల్స్‌కు చెందిన ఓడ కెప్టెన్ విలియం డేవీస్ ఎవాన్స్ కనిపెట్టిన ఓపెనింగ్ ఇది, అంటే బంటును ఎర వేసి ఆట మొదలుపెట్టే పద్ధతి. (గళ్ల పేర్లలో ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలు, 1 నుంచి 8 దాకా మన వైపు నుంచి లెక్కపెట్టే అడ్డ వరుసలు.) రెండు వైపులా రాజు ముందు బంట్లు కదిలాక మన గుర్రం ఎఫ్3కి, వాళ్ల గుర్రం సి6కి, మన బిషప్ సి4కి, వాళ్లది సి5కి వస్తాయి. అప్పుడు మనం బంటును బి4కి తోసి వాళ్ల బిషప్ నోటికి అందిస్తాం. "అదేంటండీ మాస్టారూ, బంటు ఉత్తినే ఇచ్చేత్తన్నారు!" అని ఎదుటివాళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

బిషప్ ఆ బంటును తినగానే సి3తో తరుముతాం, అది ఎ5కి పోతుంది. వాళ్లు ఒక్క బిషప్‌నే మూడుసార్లు కదిపినట్టయింది. మనకు మాత్రం ఎత్తులు కలిసొచ్చాయి, వెంటనే డి4 తోసి మధ్యలో దారులు తెరుస్తాం.

మా వైపు చాలామంది ఇక్కడ ఆశకు పోతారు. డి4లో బంటు తింటారు, మనం క్యాస్లింగ్ (రాజును మూలకు జరిపి రూక్‌ను పక్కకు తెచ్చే ఎత్తు) చేయగానే సి3లోదీ తింటారు. క్వీన్‌ను బి3లో పెడితే బిషప్‌తో కలిసి వాళ్ల రాజు పక్కనున్న ఎఫ్7 బంటు మీద గురి కుదురుతుంది. వాళ్ల క్వీన్ ఎఫ్6కి వస్తుంది. మన బంటు ఇ5కి వెళ్లి దాన్ని జి6కి నెడుతుంది. ఆ తర్వాత గుర్రంతో సి3 బంటును తీసుకుని, వీలు చూసుకుని బిషప్‌ను ఎ3కి తేవాలి. ఇప్పుడు బోర్డు చూడండి. వాళ్లకు రెండు బంట్లు ఎక్కువ. కానీ రాజు నడిబొడ్డున ఉన్నాడు, రెండు రూక్‌లూ ఒక బిషప్పూ పుట్టిన గళ్లలోనే ఉన్నాయి.

ఈ ఓపెనింగ్‌ను నేను ప్రేమించేది ఇక్కడే, చాలామంది చేజార్చుకునేదీ ఇక్కడే. కనబడిందల్లా చెక్ ఇచ్చేస్తారు. చెక్‌కు అడ్డం పెట్టే నెపంతో ఎదుటివాడు ఇంకో పావును బయటికి తెచ్చుకుంటాడు. పోయిన బంట్ల వెంట పడినా అంతే. రబీలో శివారు పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలినప్పుడు మన వంతు నాడే చేను తడుపుకోవాలి, ఈ ఆధిక్యమూ అలాంటిదే. నాలుగు ఎత్తులు గడిస్తే వాళ్లు సర్దుకుంటారు. అందుకే క్వీన్లు మార్చుకోకుండా, ఖాళీగా ఉన్న రూక్‌లను డి, ఇ నిలువు వరుసల్లోకి దించి, ఆ వరుసలు తెరిచే మార్గం వెతకాలి.

ఈ సంగతి పిల్లలకు చెప్పాల్సివస్తే 1858లో పారిస్ ఒపేరాలో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ గెలిచిన ఆట చూపిస్తాను. అది వేరే ఓపెనింగ్, సూత్రం మాత్రం ఇదే. పదో ఎత్తులో గుర్రాన్ని ఇచ్చేశాడు, చివర్లో క్వీన్‌నూ ఇచ్చాడు, 17వ ఎత్తులో మేట్ (ఆట కట్టు). ఆ క్షణానికి కూడా నల్లవాళ్ల ఎఫ్8 బిషప్, హెచ్8 రూక్ కదలనే లేదు. మార్ఫీ పావుల్లో పని లేకుండా కూర్చున్నది ఒక్కటీ కనబడదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మాజీ ప్రపంచ చాంపియన్ లాస్కర్ పద్ధతి తెలిసినవాడు డి6 ఆడి, బిషప్‌ను బి6కి లాక్కుని, బంటు తిరిగి ఇచ్చేస్తాడు. మనం ఇ5లో తీసుకుంటే క్వీన్లు మారిపోతాయి, మన ఎ, సి బంట్లు ఒంటరివై ఎండ్‌గేమ్ (పావులు తగ్గిన చివరి దశ) అంతా కాపలాతోనే సరిపోతుంది. యాప్‌లలో నేర్చుకున్న పిల్లలైతే బిషప్‌ను ఇ7కి తీసుకెళ్తున్నారు. 1995లో లాట్వియాలోని రీగాలో విశ్వనాథన్ ఆనంద్ అలాగే ఆడినా కాస్పరోవ్ 25 ఎత్తుల్లో గెలిచాడు, కానీ మనలాంటివాళ్లకు అది అంత తేలిక కాదు. బంటును తినకుండా బిషప్ బి6కి వెళ్లిపోతే ఆట చప్పబడుతుంది.

త్వరగా ముగిసే ర్యాపిడ్ ఆటలకు, 1500 రేటింగ్‌కు (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) అటూ ఇటూ ఉన్నవాళ్లకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. గంటల తరబడి సాగే క్లాసికల్ గేముల్లో, సిద్ధమై వచ్చే ప్రత్యర్థి మీద రెండో ఓపెనింగ్ ఏదైనా చేతిలో ఉంచుకోండి. ఒక్క మార్పు మాత్రం నాకు బాగా పనికొచ్చింది: డి4 తోశాక క్యాస్లింగ్‌కు తొందరపడకపోవడం. వాళ్లు డి6 ఆడితే క్వీన్ బి3. ఎఫ్7ను కాచుకోవడానికి వాళ్ల క్వీన్ డి7కి వచ్చి, సొంత సి8 బిషప్‌కే దారి మూసేస్తుంది.