రెండు వానాకాలాల తర్వాత: క్యాష్‌లెస్ క్లెయిములో బాగుచేయించిన డోరు

బిల్లును బీమా కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకు చెల్లించే క్యాష్‌లెస్ క్లెయిముకు ఏ కాగితాలు కావాలి, ఫొటోలు ఎలా పంపాలి, నష్టాన్ని లెక్కగట్టే సర్వేయరు ఏం అడుగుతాడు అన్నవి అందరికీ తెలిసిన సంగతులే కనుక వాటిని వదిలేస్తున్నాను. ఈ సమీక్ష ఒక్క డోరు గురించి. సింగుపురం దాటాక జాతీయ రహదారి మీద ధాన్యం బస్తాల ట్రాక్టరు ఒకటి నా కారును ఎడమవైపు రాసుకుంటూ పోయింది. ముందు డోరుకు గీతలు పడ్డాయి, వెనుక డోరుకు కింది సగంలో లోతైన సొట్ట పడింది. బీమా కంపెనీ జాబితాలో ఉన్న వర్క్‌షాపులోనే బాగుచేయించాను. ఆ పని మీద రెండు వానాకాలాలు గడిచాక నాకు మిగిలింది, దాచుకోవడం దేనికి, కోపమే.

ముందుగా బాగున్నదాన్ని బాగుందని చెప్పాలి. సర్వేయరు మర్నాడే వచ్చాడు, ఆమోదం ఆలస్యం కాలేదు. కారు అప్పటికి నాలుగో ఏట ఉంది కాబట్టి, మామూలు పాలసీ అయితే ఇనుప భాగాల ధరలో 25 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో 50 శాతం తరుగుదల కింద కోసేవారు; రంగు బిల్లులో నాలుగో వంతును సామాను ఖరీదుగా లెక్కగట్టి అందులోనూ సగం తీసేసేవారు. నాకు తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉన్నందువల్ల ఆ కోతలేవీ లేకుండా, 1500 సీసీ లోపు కార్ల యజమానులు తప్పనిసరిగా భరించవలసిన 1,000 రూపాయలూ, క్లిప్పుల వంటి చిల్లర సామాను ఖర్చూ మాత్రమే కట్టాను. క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే అప్పటిదాకా కూడబెట్టిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్, ఆ క్లెయిముతో పోయిందనుకోండి, అది వేరే లెక్క. వెండి రంగును పాత రంగులో కలిసిపోయేలా వేయడం అంత సులువు కాదు. అయినా డెలివరీ రోజున రెండు డోర్ల మధ్య తేడా కనిపించలేదు. ఆ రోజుల్లో అడిగినవారందరికీ ఆ వర్క్‌షాపు పేరే చెప్పాను. రంగు వరకు ఆ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే ఆ రంగు కింద ఏముందో అప్పటికి ఎవరూ చూడలేదు.

మొదటి వానాకాలం చివర్లో, అక్టోబరు వాయుగుండం వానల్లో, వెనుక డోరు వేసినప్పుడల్లా లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేది. కారు డోరులోకి నీరు దిగడం వింతేమీ కాదు. అద్దం పక్కన రబ్బరు బీడింగు ఎంత బిగుతుగా ఉన్నా కొంత వాననీరు లోపలికి జారుతుంది. అది బయటకు పోవడానికే డోరు అడుగు అంచులో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. నా వెనుక డోరు అడుగున వేలితో ఎంత తడిమినా ఆ రంధ్రాలు తగల్లేదు. వేసవి వచ్చేసరికి కింది అంచుకు కాస్త పైన, రంగు కింద కందిగింజంతేసి బుడగలు లేచాయి, గోటితో నొక్కితే మెత్తగా దిగాయి. రెండో వానాకాలం ముగిసేనాటికి ఒక బుడగ పగిలి, రంగు పెచ్చుగా లేచి, కింద గులాబీ ఛాయ లప్పమూ దాని అంచున ఎర్రటి తుప్పూ బయటపడ్డాయి.

శ్రీకాకుళంలో మా ఇంటికి దగ్గరలో పాతకాలపు టింకరింగ్ మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఆయన చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి ముందు డోరు మీద పెట్టారు, అంటుకుంది. వెనుక డోరు పైసగం మీద పెట్టారు, అంటుకుంది. సొట్ట పడిన చోటికి జరిపేసరికి జారి కింద పడింది. “ఇదేటి బావూ, ఇంత లప్పం ఎట్టేసినారు! రేకు ఎక్కడుందో ఎతుక్కోవాల” అన్నారు. కంపెనీ నుంచి వచ్చే రంగు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండవు. సొట్ట తీశాక మిగిలిన చిన్న హెచ్చుతగ్గులను సరిచేయడానికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా పూయవలసినది లప్పం. నా చేతిలోకి ఊడివచ్చిన పెచ్చు అంతకు రెట్టింపు మందం ఉంది.

లోపలి ప్యాడు విప్పించాక అసలు సంగతి తెలిసింది. సొట్టను లోపలి నుంచి సుత్తితో లేపకుండా, బయటినుంచి రేకుకు వరసగా చిన్న పిన్నులు వెల్డింగ్ చేసి లాగారు. అదేమీ తప్పుడు పద్ధతి కాదు, చేయి దూరని చోట ఎవరైనా అలాగే లాగుతారు. అయితే పిన్ను అతికించిన ప్రతిచోటా ఆ వేడికి రేకు లోపలివైపున్న రక్షణ పొర కాలిపోతుంది కనుక, పని అయ్యాక లోపల తుప్పు నిరోధక ప్రైమరో మైనపు పూతో తప్పక కొట్టాలి. కొట్టలేదు. టార్చి వేసి చూస్తే పిన్నులు అతికిన చోటల్లా తుప్పు చుక్కలు, ఇంచుమించు సమాన దూరంలో, వరసలు తీరి కనిపించాయి. అడుగు అంచులో రంధ్రాల మీద లప్పం, దాని మీద సీలెంటు, దాని మీద నున్నటి రంగు. నీరు పోయే దారి మూసేసి, ఆ నీరు నిలిచే చోటే రేకును పూత లేకుండా వదిలేశారు. లప్పం తేమను పీల్చుకునే పదార్థం కావడంతో, తుప్పు లోపలినుంచి రేకును తిని బయటికి వచ్చేసరికి బుడగలు సరిగ్గా అక్కడే లేచాయి. మేస్త్రీ గారు సన్నటి స్క్రూడ్రైవరుతో మొదటి రంధ్రం పొడవగానే తుప్పు నీళ్లు బొళుక్కున ఆయన చెప్పుల మీద పడ్డాయి.

అంతకంటె నన్ను విసిగించినవి ఆ తర్వాతి ఉత్తర ప్రత్యుత్తరాలు. సర్వేయరు డోరు మార్చడానికి ఒప్పుకోలేదనీ, ఆమోదించిన రిపేరే తాము చేశామనీ, పైగా పనికి ఇచ్చిన ఆరు నెలల వారంటీ ఎప్పుడో అయిపోయిందనీ వర్క్‌షాపు వారు అన్నారు. సొమ్ము చెల్లించడంతో తమ బాధ్యత తీరిందనీ, పనితనం నాకూ వర్క్‌షాపుకూ మధ్య విషయమనీ బీమా కంపెనీ వారు అన్నారు. పని తృప్తికరంగా ఉందని డెలివరీ రోజున తీసుకున్న సంతకాన్ని ఇద్దరూ చూపించారు. ప్యాడు విప్పి లోపల చూపించి సంతకం అడిగే వర్క్‌షాపును నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి ఆ సంతకం కంటికి కనిపించిన రంగుకే చెల్లుతుందని జవాబు రాశాను. సర్వేయరు రిపేరుకు ఒప్పుకోవడాన్ని నేను తప్పుపట్టను; డోరే మార్చవలసినంత సొట్ట కాదది. కాని నీటి రంధ్రాలు పూడ్చమని ఏ సర్వేయరూ రాయడు.

కంపెనీ ఫిర్యాదుల అధికారి నుంచి నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులను విచారించే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి రుసుము లేకుండా వెళ్లవచ్చు. అయితే ఆ పరిధి బీమా కంపెనీ వరకే, వర్క్‌షాపుకు వర్తించదు. ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టాలంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనే దారి. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడా రుసుము లేదు, కాని రెండేళ్ల గడువు ఉంది. కమిషను శ్రీకాకుళంలోనే ఉంది కనుక, అక్కడికి వెళ్లబోతున్నానని పేర్కొంటూ, డోరు లోపలి ఫొటోలు జతచేసి ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపాను. అప్పుడు గాని స్వరం మారలేదు. పాత ఖాతాదారు అన్న అభిమానంతో ఉచితంగా చేసిపెడతామని వర్క్‌షాపు వారు రాశారు. రావలసినదాన్ని దయగా ఇవ్వజూపడం నాకు నచ్చలేదు. అయినా వ్యాజ్యం నడిపే తీరిక లేక ఒప్పుకున్నాను.

పని మధ్యలో, రంగు వేయకముందే, వచ్చి చూస్తానని ఈసారి షరతు పెట్టాను. లప్పం మొత్తం గీకి, రేకును లోపలినుంచి తట్టి లేపి, రెండువైపులా ప్రైమరు కొట్టారు. రంధ్రాల్లో తీగ దూర్చి చూశాను. ఇప్పుడు అయస్కాంతం డోరంతటా అంటుకుంటోంది. అయితే మొదటిసారి నేను మెచ్చుకున్న రంగు పొందిక ఈసారి లేదు, మధ్యాహ్నపు ఎండలో వెనుక డోరు ఒక ఛాయ ముదురుగా కనిపిస్తుంది. పక్క డోరు మీదికి కూడా కొంత రంగును పలచగా సాగదీసి ఆ తేడాను మరుగుపరచవచ్చు గాని, ఉచిత పనిలో అంత శ్రద్ధ పెట్టలేదు. నాకు ఛాయ కంటె రేకు ముఖ్యం కనుక ఊరుకున్నాను.

ఇంత జరిగాక క్యాష్‌లెస్ వద్దంటారా అని అడిగితే, అలా అనలేను. నా కారు రాత్రీ పగలూ ఆరుబయటే ఉంటుంది, దాన్ని ఇంకా చాలా ఏళ్లు నడపాలి. షెడ్డు ఉండి, రెండేళ్లలో కారు మార్చేసేవారికి ఈ బుడగలు కనిపించకపోవచ్చు, కొన్నవారికి కనిపిస్తాయి. నమ్మకమైన మేస్త్రీతో చేయించి బిల్లు పెట్టి సొమ్ము రాబట్టుకునే పద్ధతి కూడా ఉంది. కాని దానికి పక్కా బిల్లు కావాలి, అది మా మేస్త్రీ గారి దగ్గర ఉండదు. మొత్తం సొమ్ము ముందు మనమే పెట్టుకోవాలి, ప్రమాదం జరిగిన నెలలో నా దగ్గర అంత లేదు. పాలసీని మాత్రం అదే కంపెనీలో కొనసాగించాను, క్లెయిము తేల్చడంలో వారు తాత్సారం చేయలేదన్నది నిజమే కనుక. మళ్లీ అవసరం పడితే జాబితాలో విజయనగరం వైపున్న ఇంకో వర్క్‌షాపుకు వెళతాను. రేకు లోపలివైపు తుప్పు నిరోధక పూత వేయాలనీ, నీటి రంధ్రాలు తెరిచి ఉంచాలనీ ఎస్టిమేటు కాగితం మీదే రాసి ఇమ్మంటాను. రాసిస్తే బండి అక్కడ వదులుతాను.