రెండో ఫ్రీ టు ఎయిర్ రిసీవర్‌గా ఏది మేలు: సెట్‌టాప్ బాక్సా, లినక్స్ బాక్సా, కంప్యూటర్ ట్యూనరా?

ఇంట్లో చందా లేని ఉపగ్రహ ఛానెళ్లను అందుకునే ఫ్రీ టు ఎయిర్ రిసీవర్ ఒకటి సక్రమంగా పనిచేస్తుండగా రెండోది కొనదలచినవారు, మొదటిది చేయలేని పని ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. రిసీవర్ల సంఖ్య పెరిగినంత మాత్రాన ఛానెళ్లు పెరగవు. ఏ సిగ్నల్ ఎంత బలంగా అందుతుందన్నది డిష్ పరిమాణాన్ని, దాని గురిని, డిష్ ముందు అమర్చే సిగ్నల్ గ్రాహకమైన ఎల్‌ఎన్‌బీని బట్టి ఉంటుంది. పెట్టె మీద అచ్చువేసే వేల ఛానెళ్ల లెక్క మెమరీలో పట్టే జాబితాకు సంబంధించినదే గాని, ఆకాశంలో దొరికేవాటికి కాదు. అందువల్ల అదే రకం బాక్సును మరొకటి తెచ్చుకోవడం పక్క గదిలో టీవీకి పనికొస్తుందేమో గాని, అభిరుచికి కొత్తగా కలిసివచ్చేది ఏమీ ఉండదు.

మామూలు సెట్‌టాప్ బాక్సులో మెచ్చుకోదగినది దాని తేలికదనం. త్వరగా ఆన్ అవుతుంది, విద్యుత్తు తక్కువ వాడుతుంది, బ్లైండ్ స్కాన్ సౌకర్యం ఉంటే జాబితాల్లో లేని ట్రాన్స్‌పాండర్లను (ఉపగ్రహంలో ఛానెళ్లను మోసే ప్రసార యూనిట్లను) కూడా తానే వెతికి పట్టుకుంటుంది. 12 వోల్టులతో నడిచే రకమైతే బ్యాటరీతో పాటు డిష్ దగ్గరికే తీసుకెళ్లి గురి సరిచూసుకోవచ్చు. అయితే ఉపగ్రహ ప్రసార ప్రమాణమైన డీవీబీ-ఎస్2తో పాటు, వీడియోను కుదించే పద్ధతి హెచ్.265 కూడా ఉందో లేదో తప్పక చూడాలి; అది లేని పాత బాక్సులో కొన్ని ఛానెళ్లకు శబ్దం మాత్రమే వచ్చి తెర నల్లగా ఉండిపోతుంది.

ఎనిగ్మా2 అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే లినక్స్ బాక్సు ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే యంత్రం. రెండు ట్యూనర్లున్న మోడల్ తీసుకుని, రెండింటికీ వేర్వేరు కేబుళ్లు ఇస్తే, ఒక ట్రాన్స్‌పాండర్ మీద రికార్డింగ్ సాగుతుండగానే మరొకదాని మీద వేరే ఛానెల్ చూడవచ్చు. ఛానెళ్ల జాబితాను కంప్యూటర్‌లో సవరించి నెట్‌వర్క్ ద్వారా పంపవచ్చు. కానీ బ్లైండ్ స్కాన్ విషయంలో అన్ని బాక్సులూ ఒకటి కావు. అది లోపలి ట్యూనర్ మీద, దాని డ్రైవర్ మీద ఆధారపడుతుంది గనుక, కొనబోయే మోడల్‌కు ఆ సౌకర్యం నిజంగా ఉందో లేదో విడిగా నిర్ధారించుకోవాలి.

వార్తలు, క్రీడల కోసం కొద్దిసేపు మాత్రమే నడిచే ఫీడ్‌లను (టీవీ సంస్థలు తమ స్టూడియోలకు పంపుకునే ప్రసారాలను) వెతకడంలో ఆసక్తి ఉన్నవారికి నా ఓటు, కార్డుగానో యూఎస్‌బీ ద్వారానో తగిలించే కంప్యూటర్ ట్యూనర్‌కే. సెట్‌టాప్ బాక్సు సిగ్నల్ నాణ్యతను ఒక పట్టీగా చూపి ఊరుకుంటుంది; మంచి ట్యూనర్ కార్డు తగిన సాఫ్ట్‌వేర్‌తో మొత్తం స్పెక్ట్రమ్‌ను గీసి చూపుతుంది, డెసిబెల్‌లలో సిగ్నల్, నాయిస్ నిష్పత్తిని చెబుతుంది, కొన్ని కార్డులు సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చుక్కలుగా చూపే కాన్‌స్టలేషన్ చిత్రాన్ని కూడా ఇస్తాయి. డీకోడింగ్ పని కంప్యూటర్‌దే కాబట్టి, ఫీడ్‌లలో తరచు కనిపించే, రంగు వివరం ఎక్కువగా ఉండే 4:2:2 చిత్రాన్ని, మామూలు బాక్సులు చాలావరకు చూపలేనిదాన్ని, వీఎల్‌సీ వంటి ప్లేయర్ తెరవగలదు. ఒకే క్యారియర్‌లో (ప్రసార తరంగంలో) అనేక ప్రవాహాలను మోసే మల్టీస్ట్రీమ్‌నూ, ఎక్కువ డేటాను ఇమిడ్చే 16ఏపీఎస్‌కే, 32ఏపీఎస్‌కే మాడ్యులేషన్లనూ అందుకోవడం మాత్రం కార్డులోని చిప్‌ను బట్టి ఉంటుంది. ధర తక్కువగా ఉందని ఆ వివరం చూడకుండా కొంటే అసలు ప్రయోజనమే పోతుంది.

ఈ మార్గంలో చిక్కులూ తక్కువేమీ కాదు. కంప్యూటర్‌లో లినక్స్ వాడేవారికి, దాని మూలభాగమైన కెర్నెల్‌లో చేరని డ్రైవర్ అయితే కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవలసి రావచ్చు. యూఎస్‌బీ రకానికి విడిగా అడాప్టర్ ఉన్నదే మంచిది: 18 వోల్టుల వద్ద 150 మిల్లీయాంపియర్లు తీసుకునే ఎల్‌ఎన్‌బీకే 2.7 వాట్లు కావాలి, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 2.5 వాట్లు. ఇక డిష్‌ను తిప్పే మోటారు ఉంటే చెప్పనక్కరలేదు.

ఏది ఎంచుకున్నా కేబుల్ సంగతి ముందే ఆలోచించాలి. రిసీవర్ కేబుల్ ద్వారా పంపే వోల్టేజీని బట్టి ఎల్‌ఎన్‌బీ 13 వోల్టులకు నిలువు ధ్రువణాన్ని (తరంగం కంపించే దిశను), 18 వోల్టులకు అడ్డ ధ్రువణాన్ని అందిస్తుంది. యూనివర్సల్ రకంలో రిసీవర్ పంపే 22 కిలోహెర్ట్‌జ్ టోన్ పై బ్యాండ్‌ను (ఎక్కువ ఫ్రీక్వెన్సీల భాగాన్ని) ఎంచుతుంది. కాబట్టి ఒకే కేబుల్‌ను చీల్చి రెండు రిసీవర్లకు ఇస్తే, ఒకటి అడిగినదానికి రెండోది తలవంచక తప్పదు. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ, రెండు కేబుళ్లు ఈ చిక్కును తీరుస్తాయి. కేబుల్ ద్వారానే రిసీవర్ ఆదేశాలు అందుకునే డైసెక్ మోటారు డిష్‌ను తిప్పుతుంటే మాత్రం, ఆ మోటారును ఒక్క రిసీవర్‌కే అప్పగించి, రెండోదానిలో మోటారు ఆదేశాలను ఆపివేయాలి. అప్పుడు రెండోది, డిష్ ఆ సమయంలో ఏ ఉపగ్రహం వైపు ఉంటే దాన్ని మాత్రమే అందుకుంటుంది. ఫీడ్‌ల వేట కోసం కంప్యూటర్ ట్యూనర్ కొన్నవారు ఆ అధికారాన్ని దానికే ఇచ్చి, కుటుంబం చూసే బాక్సుకు కదలని చిన్న డిష్‌ను విడిగా అమర్చుకోవడం ఉత్తమం.