పవర్ వీడరుకు ఏ నూనె మేలు?

పొదలకూరు వైపు నిమ్మతోటల్లోనూ, టంగుటూరు, కొండపి వైపు పొగాకు చేలల్లోనూ గుంటకలు మూలపడి, కలుపు తీసే చిన్న ఇంజను యంత్రాలు, పవర్ వీడర్లు వచ్చాయి. కొనేటప్పుడు సబ్సిడీ గురించీ బ్లేళ్ల గురించీ గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు కూడా, ఆయిలు దగ్గరికి వచ్చేసరికి దుకాణదారు ఏ డబ్బా చేతికిస్తే అదే తెచ్చుకుంటారు. ఇంటికి వచ్చాక అనుమానాలు మొదలవుతాయి. బైకు ఆయిలు పోయవచ్చా? ట్రాక్టరుది మిగిలి ఉంది కదా, అది పనికిరాదా? గేరుకు 90 నంబరు నూనె మేలా, 140 మేలా?

ఈ ప్రశ్నలన్నీ ఒకే బరువున్నవి కావు. ఇంజనులో ఏ ఆయిలు పోశారన్నదానికంటే ఎప్పుడు మార్చారన్నది ముఖ్యం. గేరుపెట్టెలో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఏ ఆయిలు అన్నదే యంత్రం ఆయుష్షును తేలుస్తుంది. బయటి కేబుళ్లకూ కీళ్లకూ పూసేది ఎంత తగ్గితే అంత మంచిది. మనవాళ్లు డబ్బూ శ్రద్ధా పెడుతున్నది మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా.

ముందు ఇంజను. పెట్రోలు వీడర్లలో ఎక్కువగా కనిపించేది హోండా జీఎక్స్160 లేదా దాని పోలికలో తయారైన ఇంజను. దీనికి కంపెనీ చెప్పేది 10డబ్ల్యు-30. దుకాణాల్లో సులువుగా దొరికేది 20డబ్ల్యు-40. తేడా ఎంత? ఈ అంకెలు నూనె చిక్కదనానివి: మొదటి అంకె చలికి సంబంధించినది, రెండోది వేడికి. మన దగ్గర సంక్రాంతి తెల్లవారుజామున కూడా నూనె గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి మొదటి అంకెతో పెద్దగా పని లేదు. అమెరికాలో ఇళ్ల ముందు మంచు ఎత్తిపోసే స్నోబ్లోయరుకూ దాదాపు ఇలాంటి ఇంజనే ఉంటుంది. అక్కడ సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉన్న ఉదయాన తాడు లాగితే ఇంజను తిరగాలి, అందుకని 5డబ్ల్యు-30 పోస్తారు. అక్కడున్న అబ్బాయో అల్లుడో ఫోనులో చెప్పాడని రోహిణి కార్తెలో నిమ్మచెట్ల మధ్య తిరిగే యంత్రానికి ఖరీదైన సింథటిక్ 5డబ్ల్యు-30 కోసం నెల్లూరంతా వెతకనక్కరలేదు. అది పోస్తే నష్టమేమీ లేదు. పెట్టిన డబ్బుకు తగిన ఫలం మాత్రం ఇక్కడ ఉండదు.

నా ఓటు 10డబ్ల్యు-30కే. ఎండాకాలంలో మధ్యాహ్నం కూడా ఆపకుండా నడిపేవాళ్లు 20డబ్ల్యు-40కి వెళ్లినా తప్పు లేదు. బైకు ఆయిలు కూడా ఈ ఇంజనుకు హాని చేయదు. ట్రాక్టరు ఆయిలు విషయంలో డబ్బా వెనక చూడాలి. డీజిలు ఇంజనుకు చెందిన సీఐ-4 లాంటి గుర్తుతో పాటు ఎస్ అక్షరంతో మొదలయ్యే ఎస్ఎల్ లాంటి గుర్తు కూడా ఉంటే పెట్రోలు ఇంజనులో నిశ్చింతగా పోయవచ్చు. తిరకాసు రెండో వైపు ఉంది: డీజిలు వీడరులో బైకు ఆయిలు పోయకూడదు. డీజిలు ఇంజనులో పుట్టే మసిని పట్టి ఉంచే గుణం దానికి చాలదు. ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలును ఏ ఇంజనులోనూ పోయవద్దని వేరే చెప్పాలా? చెప్పాల్సే వస్తోంది, రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి కనుక.

ఇక అసలు సంగతి. ఈ చిన్న పెట్రోలు ఇంజనులో ఆయిలు పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న చిన్న కొక్కెం తిరిగిన ప్రతిసారీ నూనెను చిలకరించి పైకి కొడుతుంది, అంతే. లోపల పట్టేది సుమారు 0.6 లీటరు. అందులో 200 మిల్లీలీటర్లు తగ్గితే మూడో వంతు పోయినట్టే. కొక్కేనికి నూనె అందని స్థితిలో లోపల ఉన్నది ఎంత గొప్ప కంపెనీ ఆయిలైనా ఒకటే. కాబట్టి రోజూ ఉదయం, యంత్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి, కొలపుల్ల తీసి తుడిచి, మరలు బిగించకుండా ఊరికే దించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. గట్టు మీద వాలుగా ఎక్కువసేపు నడపకూడదన్నదీ ఇందుకే.

మార్చడం ఎప్పుడు? కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు. రోజుకు ఐదు గంటలు నడిపితే మొదటి మార్పు నాలుగు రోజుల్లోనే వచ్చేస్తుంది. కొత్త యంత్రం కదా అని ఆ మార్పును దాటవేసేవాళ్లే ఎక్కువ. లోపలి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని రాలే లోహపు పొడి అంతా ఆ మొదటి నూనెలోనే ఉంటుంది. ఎర్రనేలల్లో దుమ్ము లేచే రోజుల్లో 100 గంటల దాకా ఆగకుండా అందులో సగానికే మార్చడం మంచిది. ఇంజను వేడిగా ఉన్నప్పుడే వంచితే మడ్డి కూడా దిగిపోతుంది. దుమ్ము మాట వచ్చింది కనుక ఒక్క మాట: కొనేటప్పుడు ఇంజనులోకి పోయే గాలిని వడకట్టేది కాగితం ఫిల్టరా, నూనె గిన్నె ఉన్న ఫిల్టరా అని అడిగితే మన నేలలకు నూనె గిన్నెదే మేలు. అందులో పోసేదీ ఇంజను ఆయిలే.

ఇప్పుడు గేరుపెట్టె. అందరూ కొనేది ఇంజను ఆయిలు, పాడయ్యేది గేరుపెట్టె.

"140 పోయండి అన్నా, చిక్కగా ఉంటే మోత తగ్గుతుంది" అని దుకాణంలో కుర్రవాడు చెబుతాడు. మోత తగ్గే మాట నిజమే. అరిగిన పళ్ల మధ్య సందును చిక్కని నూనె కొంతకాలం కప్పిపుచ్చుతుంది. అరుగుదల మాత్రం ఆగదు, చెవికి తెలియకుండా సాగుతుంది. పైగా ఉదయాన్నే చిక్కటి నూనె చిన్న బేరింగుల్లోకి త్వరగా చేరదు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో 90 అని ఉంటే 90 గాని 80డబ్ల్యు-90 గాని పోయాలి. 140 అన్నది కంపెనీ ప్రత్యేకంగా చెప్పిన యంత్రాలకే.

రెండో పొరపాటు అంకెలను చూసి పడేది. ఇంజను ఆయిలు 40, గేరు ఆయిలు 90, కనుక గేరుది రెండింతలకు పైగా చిక్కన అనుకుంటారు. ఈ రెంటికీ కొలబద్దలు వేరు. గేరు ఆయిలు 90 చిక్కదనం ఇంచుమించు ఇంజను ఆయిలు 40, 50ల దగ్గరే ఉంటుంది. కొన్ని పెట్రోలు వీడర్లలో గేరుపెట్టెకు కూడా 10డబ్ల్యు-30 ఇంజను ఆయిలే పోయమని కంపెనీ చెబుతుంది. అలాంటిదానిలో "ఇది గేరు కదా" అని 90 పోయడమూ తప్పే. మూత తెరవకముందు పుస్తకం తెరవడం మేలు.

మూడోది గేరు ఆయిలు డబ్బా మీద ఉండే జీఎల్-4, జీఎల్-5 అనే రకాల తేడా. అంకె పెద్దది కనుక జీఎల్-5 గొప్పదనుకోవడం సహజం. దానిలో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ పాళ్లలో ఉంటుంది; బాగా ఒత్తిడి పడే ఉక్కు పళ్లను అది కాపాడుతుంది. అదే మందు వేడెక్కినప్పుడు కంచు, ఇత్తడి భాగాలను తినివేయవచ్చు. తేలికపాటి వీడర్లలో కొన్నిటికి వర్మ్ గేరు ఉంటుంది, అందులో ఉక్కు మరతో కలిసి తిరిగేది కంచు చక్రం. స్నోబ్లోయరు ముందుభాగంలో మంచును లాగే మరకూ చాలావాటిలో ఇదే ఏర్పాటు. మీ యంత్రంలో వర్మ్ గేరు ఉంటే జీఎల్-4 వైపే మొగ్గండి. అన్నీ ఉక్కు గేర్లే అయితే రెండింట్లో ఏదైనా సరే.

పాత నూనె వంచినప్పుడు దాన్ని చూడకుండా పారబోయకండి. రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పట్టి చూస్తే పసుపు మెరుపు కనిపించిందనుకోండి, కంచు చక్రం అరుగుతోంది. వేలికి గరుకుగా తగిలితే ఇసుకో ఉక్కు ముక్కలో పడ్డట్టు. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి. నీళ్లు చేరడానికి కారణం సాధారణంగా ఆయిలు సీలు, అంటే నూనె కారకుండా ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వలయం. కలుపుతో పాటు నైలాను దారం, డ్రిప్పు పైపుల ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు బ్లేళ్ల ఇరుసుకు చుట్టుకుని, లోపలికి జరిగి సీలును కోస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత బురదలో నడిపినప్పుడు ఆ కోత గుండా నీళ్లు పోతాయి. అప్పుడు నూనె మార్చినంత మాత్రాన పని జరగదు, సీలు కూడా మార్చాలి. సాయంత్రం బ్లేళ్లు విప్పి ఇరుసుకు చుట్టుకున్నదాన్ని చాకుతో కోసి తీసేసేవారికి ఈ ఖర్చు రాదు.

గ్రీజులో పోటీ కాల్షియం, లిథియం రకాల మధ్య. కాల్షియం గ్రీజు చవక, నీటికి ఓర్చుకుంటుంది, కానీ వంద డిగ్రీల దగ్గరే కరిగి కారిపోతుంది. దుకాణంలో ఏపీ-3 పేరుతో దొరికే లిథియం గ్రీజు 180 డిగ్రీల దాకా కరగదు. పొలంలో తిరిగే బేరింగులకు లిథియమే. కొత్తపట్నం, అల్లూరు లాంటి తీరపు ఊళ్లలో, ముఖ్యంగా రొయ్యల చెరువుల గట్ల మీద, వేడెక్కని పిన్నులకూ బోల్టులకూ మాత్రం నేను కాల్షియం వైపే మొగ్గుతాను. ఉప్పుగాలికి అదే తట్టుకుంటుంది. ఒకదాని మీద ఇంకొకటి పూయవద్దు. కలిస్తే పలచబడి కారే ప్రమాదం ఉంది, పాతది తుడిచాకే కొత్తది. రంగు చూసి మంచిచెడ్డలు తేల్చవద్దు, ఆ రంగు కంపెనీ కలిపినదే.

క్లచ్చు, యాక్సిలరేటరు కేబుళ్లకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. డబ్ల్యుడీ-40 లాంటి స్ప్రే నీటిని తరిమేయడానికీ, పట్టేసిన బోల్టును వదిలించడానికీ బాగుంటుంది. దాన్నే కందెనగా నమ్ముకుంటే కొద్ది రోజుల్లో ఆరిపోయి కేబులు మళ్లీ బిగుస్తుంది. బండి ఇరుసుకు ఆముదం కందెన పెట్టిన రోజుల అలవాటుతో కేబులులో ఆముదం వేసేవాళ్లున్నారు. అది కొన్నాళ్లకు బంకగా మారుతుంది. బెల్టు మీద ఏ నూనే పడకూడదు.

కాలిన ఆయిలును బ్లేళ్లకు పూయడం మన దగ్గర ఊరూరా ఉన్న పద్ధతి. తుప్పు పట్టదు నిజమే, కానీ ఆ మసీ లోహపు పొడీ మొదటి చాలులోనే మట్టిలో కలుస్తాయి. చవక రకం కొత్త నూనెను గుడ్డకు అంటించి రుద్దితే చాలు. వంచిన నూనెను డబ్బాలో పట్టి మెకానిక్కు షెడ్డులో ఇచ్చేయవచ్చు.

వానాకాలంలో యంత్రం నెలల తరబడి కదలదనుకుంటే స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చిన్న చెంచాడు కొత్త ఇంజను ఆయిలు వేసి, తాడును నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగి, ప్లగ్గు బిగించండి. తర్వాత తాడును మళ్లీ మెల్లగా లాగుతూ, చేతికి బిగువు తగిలిన చోట ఆపేయండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ సిలిండరులోకి పోదు.