కోనసీమ చెమ్మలో రెండు రైఫిళ్లు: దీర్ఘకాల వాడకం తరువాత నా సమీక్ష

వాతావరణానికి తట్టుకొనే రైఫిల్ ఏదని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఒక్కటే: మన డెల్టాలో తుపాకీని పాడుచేసేది వాన కాదు. వానలో తడిసిన తుపాకీని ఎవరైనా ఇంటికి రాగానే తుడుస్తారు; బీరువాలో పెట్టి తాళం వేసిన తుపాకీ జోలికి మాత్రం నెలల తరబడి పోరు. రాజోలు దిగువన, సాయంత్రమయ్యేసరికి ఉప్పుగాలి ఇంట్లోకి వచ్చేసే ఊళ్లో, 2015 గోదావరి పుష్కరాలకు ముందు నుంచీ నా దగ్గర రెండు రైఫిళ్లున్నాయి. ఒకటి మా తాతగారి నుంచి వారసత్వంగా నా లైసెన్సు మీదికి వచ్చిన .315 స్పోర్టింగ్ రైఫిల్ (ఈ అంకె గొట్టం రంధ్రపు కొలత, సుమారుగా అంగుళాల్లో). నల్లని బ్లూయింగ్, కర్ర బట్, అంటే గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే భాగం. రెండోది మరొక లైసెన్సుదారు నుంచి అనుమతితో కొన్న .22 బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి గుండుకూ బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు నెట్టే రకం. గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలు, బట్ సింథటిక్. రెండూ వేట కోసం తయారైనవే గాని, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వేట మాట లేదు కనుక, నా వాడకమంతా క్లబ్బు రేంజిలో అట్ట మీదనే.

ముందు .315 సంగతి. ఇది పాత బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో చేసిన రైఫిల్ కాబట్టి ముందుకర్ర, వెనుక బట్ వేర్వేరు ముక్కలు. బ్లూయింగ్ అనేది రంగు కాదు, ఇనుము మీద కావాలని పుట్టించిన సన్నని నల్ల ఆక్సైడు పొర. అది తనంతట తానుగా తుప్పును ఆపదు, పూసిన నూనెను పట్టి ఉంచుతుందంతే. పైకి కనిపించే గొట్టాన్ని వారం వారం తుడుస్తూ వస్తే ఏళ్లు గడిచినా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక ముసురు కాలం పోయాక ముందుకర్ర విప్పి చూస్తే మాత్రం, గొట్టానికీ కర్రకూ మధ్య పొడుగునా ఎర్రని బూజులాంటి తుప్పు కనిపించింది. కర్ర పీల్చుకున్న చెమ్మ అక్కడే నిలిచి, బయటి గుడ్డ అందని చోట తన పని తాను చేసుకుపోయింది. అప్పటి నుంచి నైరుతి రుతుపవనాలకు ముందొకసారి, కార్తీకపు తుపాన్లు తగ్గాక ఒకసారి కర్ర విప్పడం ఆనవాయితీ చేసుకున్నాను.

అయినా కర్రతో అసలు చిక్కు తుప్పు కాదు, గురి. ఆగస్టులో కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒక పక్క నుంచి నొక్కుతుంది, మార్చిలో ఆరి వదులుతుంది. దానితో వేసవిలో సరిచూసుకున్న గురి వర్షాకాలంలో అటో ఇటో జరుగుతుంది. కర్ర లోపలి ముఖానికి కూడా వార్నిష్ వేయించాక ఈ జరుగుడు తగ్గింది గాని పోలేదు. సింథటిక్ బట్‌లో ఈ బాధ లేదు. అందంలోనూ, చేతికి అందించే నిండుతనంలోనూ అది కర్రకు ఏ మాత్రం సాటిరాదనే నా అభిప్రాయం, కానీ ఏడాది పొడవునా గురి ఒక్కచోటే ఉంటుంది. డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే, నా ఓటు స్టెయిన్‌లెస్ గొట్టం కంటే ముందు సింథటిక్ బట్‌కే.

స్టెయిన్‌లెస్ మీద చాలామందికి ఉన్న నమ్మకం కొంచెం ఎక్కువే. మనం అన్నం తినే మంచి స్టీలు కంచంలో క్రోమియంతో పాటు నికెల్ కూడా ఉంటుంది. రైఫిల్ గొట్టాలకు ఎక్కువగా వాడే 416 రకంలో నికెల్ దాదాపు ఉండదు, పైగా మరపనికి అనువుగా ఉండాలని గంధకం కలుపుతారు. అందువల్ల అది ఉప్పుకు కంచమంతగా ఓర్చుకోదు. నా .22 గొట్టం మీద, చెమట చెయ్యి ఆనే చోట, ఆవగింజలో సగం కూడా లేని గోధుమరంగు చుక్కలు వచ్చాయి. నూనె గుడ్డతో రుద్దితే పోయాయి, అదే.315 అయితే గుంటలు పడి ఉండేది. ఇక మరమేకులు, స్ప్రింగులు, ట్రిగ్గర్ లోపలి ముక్కలు, పట్టీ తగిలించే కొక్కేలు మామూలు ఉక్కువే. గొట్టం తళతళలాడుతుంటే మ్యాగజైన్ (గుండ్లు ఉంచే పెట్టె) స్ప్రింగు ఎర్రబడి ఉండడం నేను ఈ తుపాకీలోనే చూశాను.

ఉంచే చోటు గురించి కొంత వివరంగా చెప్పాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగం అందుకుంటుంది. ఉప్పు అంటిన చోట అంతకంటే ముందే మొదలవుతుంది. మా ప్రాంతంలో వర్షాకాలమంతా అంతకు పైనే. తోలు సంచి, గుడ్డ సంచి రెండూ చెమ్మను పట్టి ఉంచుతాయి కనుక, వాటిని ప్రయాణానికే పరిమితం చేసి, బీరువాలో తుపాకీని విప్పి నిలబెట్టడం మేలు. తేమ కొలిచే చిన్న మీటరు, సిలికా జెల్ పొట్లాలు ఖరీదైనవి కావు. రంగు మారిన జెల్‌ను వేడిచేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది, తుపానుకు కరెంటు పోయిన రోజుల్లో దిక్కు అదే. ఏసీ గదిలో పెడితే చాలనుకుంటారు గాని, అక్కడి నుంచి ఆగస్టు ఉదయాన వరండాలోకి తెస్తే క్షణాల్లో గొట్టమంతా మంచు పట్టినట్టు తెల్లబడి, ఆ వెనుకే బొట్లు బొట్లుగా నీరు దిగుతుంది. సంచిలోనే ఉంచి, బయటి వేడికి వచ్చాక తీయాలి.

పాత తరం వారు కోనసీమ అలవాటు కొద్దీ కొబ్బరినూనె పూసేవారు. అది నాళ్లు గడిచేకొద్దీ జిగురై బోల్టును పట్టేస్తుంది. మా తాతగారి తుపాకీలో ఆ జిగురును కిరోసిన్‌తో కడిగి వదిలించవలసి వచ్చింది. తుపాకీ నూనె పల్చగా పూసి, పొడిగుడ్డతో మళ్లీ ఒకసారి తుడవడం సరైన పద్ధతి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధం అప్పగించవలసి వస్తే, ఇచ్చే ముందు గొట్టం లోపలా బయటా చిక్కని గ్రీజు పట్టించండి. ఒకసారి నేను మామూలుగా నూనె పూసి ఇచ్చిన .315 నెలల తరువాత బోల్టు కదలని స్థితిలో చేతికొచ్చింది. దానితో పాటే ఇచ్చిన.22 తుడిచి వాడుకొనేలా ఉంది. రెంటికీ ఉన్న తేడా అంతకంటే స్పష్టంగా నాకెప్పుడూ తెలియలేదు.

విదేశీ రైఫిళ్ల దిగుమతి మామూలు లైసెన్సుదారుకు సాధ్యం కాదు కనుక, స్టెయిన్‌లెస్ కావాలంటే చాలావరకు చేతులు మారిన తుపాకీయే గతి. కొనేటప్పుడు పైమెరుగు చూసి సంతోషపడకుండా, బట్ మరమేకులు విప్పించి గొట్టం అడుగు భాగాన్ని, మ్యాగజైన్ స్ప్రింగును, బోల్టు ముఖాన్ని వెలుతురులో చూడండి. మరమేకు తలల గాడి అరిగి ఉంటే ఎవరో చాలాసార్లు విప్పారని అర్థం. మా వైపు అది చెడ్డ గుర్తు కాదు. తలలో తుప్పు పేరుకొని, ఎన్నడూ విప్పనట్టున్న మరమేకు కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా నేను తీసుకోను.