పది రెట్ల చేతి భూతద్దం: వేసవి అడవిపూలను చూడటానికి కొన్న ఒక పనిముట్టుపై సమీక్ష

ఎండాకాలంలో బీడు నేలల్లో, బాటల వెంట తమంతట తాముగా పూసే పూలను పేరుపేరునా గుర్తుపట్టాలన్న కోరికతో రెండు వేసవుల క్రితం నేను కొన్న వస్తువు, మడిచి జేబులో వేసుకోదగిన పది రెట్ల భూతద్దం. దుమ్ములోనూ ఎండలోనూ చెమట చేతులతోనూ ఇన్నాళ్లు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు చెప్పడం లేదు. ఈ తరహా అద్దాలు చాలావరకు ఒకే నమూనాలో వస్తాయి కనుక, కొనేవారికి పేరుకన్నా పరీక్షించే పద్ధతి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ పరీక్ష నాకు ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు నేను కొన్న అద్దం మీద 30 రెట్లు అని చెక్కి ఉండేది గాని, వస్తువు స్పష్టంగా కనిపించడానికి దాన్ని దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవలసి వచ్చేది. అద్దం నాభ్యంతరాన్ని, అంటే వస్తువు స్పష్టంగా కనిపించే దూరాన్ని, మిల్లీమీటర్లలో కొలిచి 250ని దానితో భాగిస్తే అది ఎన్ని రెట్లు పెంచుతుందో సుమారుగా తెలుస్తుంది. ఆ లెక్కన నా 30 రెట్ల అద్దం నిజానికి అయిదు రెట్లది! నిజమైన పది రెట్ల అద్దానికి స్పష్టత దాదాపు 25 మిల్లీమీటర్ల దగ్గర దొరకాలి. ప్రస్తుతం నా దగ్గరున్నది ఆ పరీక్షలో నెగ్గింది. మూడు కటకాలను అతికించి చేసినది కావడం వల్ల గళ్ల కాగితం మీద పెట్టి చూసినప్పుడు అంచుల్లోని గీతలు వంగిపోవు, తెల్లని రేకుల చుట్టూ లేని రంగులు కనిపించవు. పూలను రంగునుబట్టి పోల్చుకునేవారికి ఈ రెండో గుణం చాలా ముఖ్యం.

వాడే తీరు గురించి పెట్టెలో ఒక్క ముక్క కూడా రాసి లేదు. మొదటి వారమంతా నేను అద్దాన్ని పువ్వు దగ్గర ఉంచి, తలను దూరంగా పెట్టి చూస్తూ, ఏమీ కనిపించడం లేదని విసుక్కున్నాను. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి, పువ్వునే అద్దం వైపు తెచ్చుకోవాలి, లేదా పువ్వు ముందు మోకరిల్లి తలను, అద్దాన్ని కలిపి ముందుకు జరపాలి. రెండో పద్ధతిలో పువ్వును కోయనక్కర లేదు.

ఈ అద్దంలో నేను మొదట చూసినది గడ్డి చామంతి. ఒక్క పువ్వనుకున్నది వాస్తవానికి పూల గుంపు. అంచున మూడేసి పళ్లతో తెల్లగా కనిపించే రేకు ఒక్కొక్కటీ ఒక పుష్పకం, అంటే గుంపులోని ఒక చిన్న పువ్వు, నడుమనున్న పసుపు బొడిపెలు ఒక్కొక్కటీ అయిదు కొనలు తేలిన గొట్టపు పుష్పకం. ఆ సంతోషంలో దాన్ని నా స్థానిక పూల జాబితాలో మొదటి పేరుగా రాసుకుని, తరువాత కొట్టివేయవలసి వచ్చింది, ఎందుకంటే దాని పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. పసుపుపచ్చగా పూసే బ్రహ్మదండి కూడా మెక్సికో వైపు నుంచి వచ్చినదే. అద్దం పువ్వు నిర్మాణాన్ని చూపగలదు గాని దాని స్వస్థలాన్ని చెప్పలేదు. దానికోసం లండన్‌లోని క్యూ ఉద్యానవనంవారు 2017లో అంతర్జాలంలో తెరిచిన ప్రపంచ మొక్కల పట్టికలో, ఏ మొక్క ఎక్కడ సహజమో, ఎక్కడికి వలస వెళ్లిందో చూపే పటాలను చూడవచ్చు.

పల్లేరు, విష్ణుక్రాంత వంటి చిన్న పూల దగ్గర ఈ అద్దం తన విలువ చూపించింది. పల్లేరు పువ్వులో అయిదు పసుపు రేకుల నడుమ పది కేసరాలు లెక్కపెట్టగలిగాను. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1735లో మొక్కలను 24 తరగతులుగా విభజించినప్పుడు చాలా తరగతులకు కేసరాల లెక్కనే ఆధారం చేసుకున్నాడు. సంబంధం లేని మొక్కలను ఒకచోట చేర్చినందున ఆ పద్ధతి తరువాత కనుమరుగైనా, లెక్కపెట్టే అలవాటు మాత్రం ఇప్పటికీ పనికివస్తుంది. విష్ణుక్రాంత నీలిపువ్వులో అండాశయం మీద నిలిచే సన్నని కాడలు, అంటే కీలాలు, రెండు ఉండి, ఒక్కొక్కటి మళ్లీ రెండుగా చీలుతుంది. దాని దగ్గరి చుట్టాల్లో కొన్నింటికి కీలం ఒక్కటే ఉంటుంది కనుక, ఫోటో చూసి పేరు చెప్పే యాప్ తడబడే చోట ఈ గుర్తు సందేహం తీర్చగలదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను నిలబెట్టినది జిల్లేడు. రేకులు విచ్చుకుని వెనక్కి వాలితే పెద్ద జిల్లేడు, ఊదారంగు కొనలతో నిటారుగా నిలిస్తే దాని సోదర జాతి. నడుమనున్న అయిదు మూలల దిమ్మె అంచున ఒక్కొక్క మూలలో నల్లని చుక్క కనిపిస్తుంది. సన్నని గడ్డిపుల్లతో దాన్ని మెల్లగా పైకి లాగితే, రెండు పసుపు సంచుల్లాంటి పుప్పొడి ముద్దలు జంటగా ఊడి వస్తాయి. తుమ్మెద కాలికి తగులుకుని మరో పువ్వుకు చేరేవి ఇవే. అయితే జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి, ఈ అద్దమేమో కంటికి ఆనించి వాడవలసినది. అందువల్ల చేతులు, అద్దం చట్రం కడుక్కోకుండా మరో పువ్వు దగ్గరికి వెళ్లకూడదు.

లోపాలు లేకపోలేదు. చట్రాన్ని పట్టి ఉంచే మర ఆరు నెలలకే వదులైంది. అద్దంలోనే అమర్చిన చిన్న దీపం వేసవి వెలుతురులో దేనికీ కొరగాక, బరువును మాత్రం పెంచింది. గీతలు పడటం నా స్వయంకృతం, దుమ్మును ఊదివేయకుండా చొక్కా అంచుతో తుడిచాను. ఇరవై రెట్ల అద్దం ఇంకా బాగుంటుందేమోనని అరువు తెచ్చి చూశాను. కనిపించే మేర చిన్నదై, వెలుగు తగ్గి, గాలికి కదిలే పువ్వు మీద చూపు ఒక్క క్షణమైనా నిలవలేదు, మొదటిసారి కొనేవారికి దాన్ని సూచించను. తెరిచిన అద్దాన్ని ఎండుగడ్డి మీద ఉంచి మరిచిపోతే నిప్పు అంటుకోవచ్చు, దానితో సూర్యుడి వైపు చూడటం ఎంతమాత్రం తగదు.

తాడు కట్టుకోవడానికి తగినంత పెద్ద రంధ్రం లేకపోవడం తయారీలో నాకు కనిపించిన చివరి లోపం. ఒకసారి ఈ నల్లని అద్దం పొదల్లో జారిపడితే వెతకడానికే ఒక ఉదయమంతా పోయింది. ఆ తరువాత రంధ్రాన్ని ఆకురాయితో కొంచెం పెద్దది చేసి ఎర్రటి తాడు కట్టి, మెడలో వేసుకుని తిరుగుతున్నాను.