సాల్వెంట్ ఆవిరి: కార్బన్‌లో పట్టాలా, కాల్చేయాలా?

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు ఉండేవాళ్లకి రాత్రిపూట వచ్చే ఆ ఘాటు వాసన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీల్లో రియాక్టర్లు, డ్రయర్ల నుంచి టొలుయిన్, మిథిలీన్ క్లోరైడ్ లాంటి సాల్వెంట్లు (పదార్థాల్ని కరిగించడానికి వాడే ద్రవాలు) ఆవిరై తప్పించుకుంటాయి. వాటిని ఆపడానికి యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిరిని తన మీద పట్టి ఉంచే బొగ్గు) ఒక దారి, ఆర్‌టీఓ ఇంకో దారి (రవాణా ఆఫీసు కాదండోయ్, రీజనరేటివ్ థర్మల్ ఆక్సిడైజర్, అంటే ఆవిరిని 800 డిగ్రీల దగ్గర కాల్చేసే యంత్రం).

కార్బన్ పెట్టడానికి చవక, కాస్త ఏర్పాటు ఉంటే సాల్వెంట్‌ని తిరిగి రాబట్టుకోవచ్చు కూడా. చిక్కేంటంటే అది నిండిపోతుంది, నిండాక మార్చకపోయినా బయటి నుంచి చూస్తే డబ్బా అలాగే ఉంటుంది, వాసన మాత్రం నేరుగా చిమ్నీలోకి పోతుంది. 40 డిగ్రీలకే మరిగే మిథిలీన్ క్లోరైడ్ దాని మీద సరిగా నిలవదు, తేమ ఎక్కువైతే ఇంకా కష్టం. అసిటోన్ లాంటి కీటోన్లు పంపితే కార్బన్ బెడ్ వేడెక్కి అంటుకునే ప్రమాదం వేరే.

ఆర్‌టీఓ బాగా ఖరీదు. సిరామిక్ బెడ్లు 95 శాతం దాకా వేడిని తిరిగి వాడుకున్నా, ఆవిరి మరీ పలచగా ఉంటే ఇంధనం తాగుతూనే ఉంటుంది. క్లోరిన్ ఉన్నవాటిని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్ల వాయువు వస్తుంది, వెనక దాన్ని కడిగేసే స్క్రబ్బర్ లేకపోతే ఒక కాలుష్యం పోయి ఇంకోటి వచ్చినట్టే.

నన్నడిగితే రోజంతా నడిచే పెద్ద ప్లాంట్‌కి ఆర్‌టీఓనే. అప్పుడప్పుడు బ్యాచ్‌లు వేసే చిన్న యూనిట్‌కి కార్బన్ చాలు, కానీ దానికి ముందు చల్లని బ్రైన్ కండెన్సర్ (చల్లటి ఉప్పునీటితో ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చేది) ఉండాలి, కార్బన్ ఎప్పుడు మార్చారో రిజిస్టర్‌లో రాయాలి.