ఒబా శిరస్సులా, ప్రాసాద ఫలకాలా: బినీల పూజాకళను తెలుసుకోవడానికి ఏది మేలు?

నేటి నైజీరియాలోని బెనిన్ నగరం కేంద్రంగా వెలసిన ఎడో ప్రజల, అంటే బినీల, కంచు కళలో ముఖ్యంగా రెండు రకాల పోతపనులు పేరుపొందాయి: రాజుల పితృపీఠాలపై నిలిపిన శిరస్సులు, ఒబా (ఎడో రాజు) ప్రాసాద స్తంభాలకు తాపడం చేసిన ఫలకాలు. కంచు అన్న పేరు స్థిరపడినా వీటిలో చాలావరకు ఇత్తడివే. రెండింటినీ పోసింది ఇగున్ వీధి పోతపనివారే. మైనపు నమూనాకు మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోయడం వారి పద్ధతి. మన ఆదిలాబాద్ ఓజులు డోక్రా బొమ్మలు చేసేదీ మైనపు నమూనాతోనే.

చరిత్ర కావలసినవారికి ఫలకాలే మేలు. 16, 17 శతాబ్దాల నాటి ఈ ఫలకాలలో యోధులు, సేవకులు, పొడవు జుట్టు పోర్చుగీసువారు, చిరుతపులులు, ఎవరి హోదాకు తగిన ఎత్తులో వారు, నీటి దేవుడు ఒలోకున్‌ను తలపించే ఆకుల నేపథ్యంపై కనిపిస్తారు. ఏ అధికారి ఏ ఆయుధం పట్టాడో, ఏ పూసలు ధరించాడో వీటిలో చూసినంత స్పష్టంగా శిరస్సులలో చూడలేము. శిరస్సులు ఆదర్శరూపాలు గనుక ఫలానా ఒబాదే అని చెప్పడం కూడా కష్టం.

అయినా పూజ విషయానికి వస్తే నేను శిరస్సుల వైపే మొగ్గుతాను. కొత్త ఒబా పట్టాభిషిక్తుడైన తరువాత తండ్రి పేరిట పీఠం కట్టించి, దానిపై నిలిపేందుకు శిరస్సు పోయించడం అక్కడి ఆచారం. కింది పెదవి దాకా ఎగబాకిన పగడాల కంఠాభరణం, ఇనుము పొదిగిన కంటిపాపలు, అన్నిటికన్నా ముఖ్యంగా నడినెత్తిన ఉన్న గుండ్రని రంధ్రం గమనించదగినవి. చెక్కడాలతో నిండిన ఏనుగు దంతాన్ని నిలబెట్టేది ఆ రంధ్రంలోనే. గంటలు, గలగలలాడే దండాలు చుట్టూ ఉండే ఆ పీఠం ముందు ఒబా తన తండ్రికి బలులు అర్పిస్తాడు. అందువల్ల దంతమూ పీఠమూ లేని శిరస్సు సగం వస్తువే అవుతుంది.

1897లో బ్రిటిష్ సేన ప్రాసాదాన్ని దోచి, ఒబా ఒవొన్‌రామ్‌వెన్‌ను కలబార్‌కు ప్రవాసం పంపిన నాటికి ఫలకాలు స్తంభాల నుంచి దిగి సామాను గదిలో పడి ఉన్నాయి. శిరస్సులు మాత్రం పీఠాలపై పూజలందుకుంటున్నాయి. అంటే దోపిడిలో ఫలకాలతో పోయింది రాజ్యపు జ్ఞాపకమైతే, శిరస్సులతో ఆగిపోయింది జరుగుతున్న ఆరాధన.

2022లో జర్మనీ, 2025లో 119 వస్తువులతో నెదర్లాండ్స్ ఆ దోపిడి సొత్తును తిరిగి అప్పగించడానికి ముందుకు వచ్చాయి. నైజీరియా ప్రభుత్వం 2023లోనే ఇటువంటి వస్తువులకు ఒబాను యజమానిగా ప్రకటించింది. ఫలకాలను మ్యూజియం గోడపై వరుసగా అమర్చి వివరిస్తే వాటి అర్థం చాలావరకు నిలుస్తుంది. శిరస్సులను మాత్రం, కనీసం కొన్నింటినైనా, ప్రాసాదంలోని పితృపీఠాలకు చేర్చడమే న్యాయమని నా అభిప్రాయం.